ఆమిష్ ప్రేమకథలో విడిపోయిన ఇద్దర్ని మళ్ళీ కలపడం ఎలా

ఆమిష్‌ల మీద, అంటే అమెరికాలో కార్లు కొనుక్కోకుండా పాత పద్ధతిలో బతికే క్రైస్తవ సంఘాలవాళ్ళ మీద, నవల రాద్దామని కూర్చున్నవాళ్ళు చాలామంది మొదటి పేజీలో గుర్రపు బగ్గీ రాస్తారు, రెండో పేజీలో తెల్ల టోపీ రాస్తారు, మూడో పేజీకి వచ్చేసరికి పదేళ్ళ కిందట వదిలేసి వెళ్ళిపోయిన ప్రియుడు గేటు దగ్గర నిలబడి ఉంటాడు. ఇంతవరకూ ఎవరైనా రాసేస్తారు. చిక్కంతా నాలుగో పేజీలో మొదలవుతుంది. వీళ్ళిద్దరూ ఇప్పుడు ఏ నియమం ప్రకారం కలుస్తారు? అసలు కలవడానికి వీలుందా? అది తెలీకుండా ముందుకెళ్తే బగ్గీ తీసేసి కారు పెట్టినా కథ అలాగే నడిచిపోతుంది, అంటే మీరు రాసింది ఆమిష్ కథ కాదన్నమాట.

మామూలు ప్రేమకథలో రెండో అవకాశం ఇవ్వాల్సింది ఒక్క మనిషే. ఆమిష్ కథలో ఆ మనిషితో పాటు సంఘం కూడా ఇవ్వాలి. సంఘానికి నియమాలున్నాయి, ఏడాదికో క్యాలెండర్ ఉంది, ఓటు ఉంది. రచయితలు వీటిని వాతావరణం కోసం అక్కడక్కడా చల్లి వదిలేస్తారు. మీరు ప్లాట్‌నే వాటితో నడిపించండి. ఎలాగో చెప్తాను.

బాప్తిస్మానికి ముందు వెళ్ళాడా, తర్వాతా?

ఇద్దరూ ఎందుకు విడిపోయారో నోట్స్ రాసుకునేటప్పుడు గొడవ సంగతి తర్వాత, ముందు ఈ ప్రశ్నకి జవాబు రాసుకోండి. ఆమిష్‌లు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. వాళ్ళకి మూలమైన అనాబాప్టిస్ట్ క్రైస్తవ ఉద్యమం 1525లో జ్యూరిక్‌లో మొదలైందే, పెద్దయ్యాక తెలిసి తీసుకున్నదే బాప్తిస్మం అన్న పట్టుదల మీద. పదహారేళ్ళ వయసులో రమ్‌స్ప్రింగా మొదలవుతుంది, కుర్రాళ్ళు అమ్మాయిలు తమ ఈడు గుంపుతో తిరుగుతారు, ఆ తర్వాత ఎక్కువమంది 18 నుంచి 22 ఏళ్ళ లోపు సంఘంలో చేరతారు. (రమ్‌స్ప్రింగా అనగానే తాగుడు, పార్టీలు, దొంగచాటు కార్లు రాసేయకండి. అలాంటి గుంపులు లేకపోలేదు, కానీ చాలామందికి అదంటే ఆదివారం సాయంత్రం పాటల కూటం, వాలీబాల్, తర్వాత నచ్చిన అమ్మాయిని బగ్గీలో ఇంటి దగ్గర దించడం.)

హీరో బాప్తిస్మం తీసుకోకుండా వెళ్ళిపోయాడనుకోండి, అతను ఏ ప్రమాణమూ తప్పలేదు. వెలి ఉండదు. అమ్మ ఏడుస్తుంది, నాన్న మాటలు తగ్గిస్తాడు, అయినా వచ్చినప్పుడు అందరితో కలిసి ఒకే బల్ల దగ్గర భోంచేస్తాడు. తీసుకున్నాక వెళ్ళిపోతే సంగతి పూర్తిగా వేరు. మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికీ సంఘానికీ ఇచ్చిన మాట తప్పాడు కాబట్టి బహిష్కరణ, దాని వెంట వెలి. 1693లో యాకోబ్ అమ్మాన్ మిగతా స్విస్ అనాబాప్టిస్టుల నుంచి విడిపోయిన కారణాల్లో పెద్దది ఈ వెలిని ఎంత గట్టిగా పాటించాలన్నదే, అంటే ఆమిష్‌లు వేరే సంఘంగా పుట్టిందే ఈ వివాదంలోంచి. మీ కథలో అది సైడ్ డిటైల్ అయితే బాగోదు.

వెలి గురించి నవలల్లో కనిపించే పెద్ద తప్పు, వెలిపడినవాణ్ణి చూసి అందరూ మొహం తిప్పుకుని వెళ్ళిపోతున్నట్టు రాయడం. నిజానికి మాట్లాడతారు, కష్టమొస్తే సాయం కూడా చేస్తారు. చేయనివి వేరే ఉన్నాయి: అతనితో ఒకే బల్ల మీద భోంచేయరు, అతని చేతి నుంచి వస్తువు అందుకోరు, అతని కారెక్కరు, అతనితో వ్యాపారం చేయరు. కొన్ని ఇళ్ళలో వెలిపడిన కొడుకు వస్తే రెండు బల్లలు దగ్గర దగ్గరగా వేసి, మధ్యలో కాస్త సందు వదిలి, పైన ఒకటే గుడ్డ పరుస్తారు. నియమం నియమంగానే ఉంటుంది, కొడుకు కూడా అందరితోనే తింటున్నట్టు ఉంటుంది. మొహం తిప్పుకునే సీన్లు పది రాసినా ఈ గుడ్డ కింది సందుకి సరిరావు. హీరోయిన్ ఆ పూట వడ్డిస్తోందనుకోండి, ఆమె గిన్నె అతని చేతికి ఇవ్వాలా, బల్ల మీద పెట్టి తీసుకోమనాలా, అతను ఖాళీ గిన్నె తిరిగిస్తే ఏం చేయాలి, ఇవన్నీ ఆమె ఆలోచించాల్సిందే. డైలాగ్ లేకుండానే రెండు పేజీలు నడుస్తాయి.

ఇంకో సంగతి. వెలి ఎంతకాలమన్నది సంఘాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల వెళ్ళినవాడు ఏదైనా మెనోనైట్ (అనాబాప్టిస్టుల్లోనే ఇంకో శాఖ) సంఘంలో చేరి బుద్ధిగా ఉంటే ఎత్తేస్తారు. గట్టిగా ఉండే సంఘాల్లో అతను తిరిగొచ్చి ఒప్పుకుంటే తప్ప జీవితాంతం ఉంటుంది. మీ కథకి రెండోది పనికొస్తుంది, ఎందుకంటే హీరోకి మధ్యేమార్గం మూసుకుపోతుంది.

వెళ్ళిపోవడమంటే బయటి ప్రపంచంలోకి వెళ్ళిపోవడమే కానక్కర్లేదు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో పొలాల ధరలు మండిపోయి ఎన్నో కుటుంబాలు కెంటకీకీ, విస్కాన్సిన్‌కీ, న్యూయార్క్ రాష్ట్రానికీ వెళ్ళి కొత్తగా స్థిరపడ్డాయి. హీరో నాన్న అలా బండి కట్టాడు, కుర్రాడు వెంట వెళ్ళాల్సి వచ్చింది, అమ్మాయి మంచాన పడ్డ అమ్మని వదిలి రాలేకపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, వెలి లేదు, ద్రోహం లేదు, అయినా ఇద్దరూ విడిపోయారు. దాచిపెట్టిన ఉత్తరాలు, అపార్థాలు లాంటి పాత సరుకు కన్నా ఇది నాకు వంద రెట్లు నచ్చుతుంది. అపార్థం మీద కట్టిన విరహం ఒక్క మాటతో తేలిపోతుంది, ఆ ఒక్క మాట ఇన్నేళ్ళూ ఎందుకు అనలేదని పాఠకులు విసుక్కుంటారు.

సంఘం క్యాలెండర్ మీద ప్లాట్ గీయండి

ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి ప్రభు భోజన సంస్కారం ఉంటుంది. దానికి రెండు వారాల ముందు సభ్యులందరూ కూడి, నియమాల మీద అందరం ఒక్క మాట మీద ఉన్నామా, ఎవరి మీదైనా ఎవరికైనా మనసులో ఏమైనా ఉందా అని చూసుకుంటారు. మనసులో కక్ష పెట్టుకుని సంస్కారంలో పాల్గొనకూడదు. వసంతం సంస్కారం అయ్యాక, బాప్తిస్మం కావాలనుకునే యువతీయువకులకి వేసవి అంతా పాఠాలు జరుగుతాయి. 1632 నాటి డోర్డ్రెక్ట్ విశ్వాస ప్రమాణంలోని 18 అధ్యాయాలు చదువుతారు. శరదృతువు మొదట్లో బాప్తిస్మం, అక్టోబర్ వైపు సంస్కారం, అది అవగానే పెళ్ళిళ్ళ ప్రకటన. లాంకాస్టర్‌లో పెళ్ళిళ్ళు ముఖ్యంగా కోతలయ్యాక నవంబర్‌లో, డిసెంబర్ మొదట్లో, అదీ మంగళవారాలు, గురువారాల్లో జరుగుతాయి. ఈమధ్య వసంతంలోనూ చేస్తున్నారు.

ఇప్పుడు బాప్తిస్మం తీసుకోని మీ హీరోని ఏప్రిల్‌లో తీసుకురండి. వేసవి పాఠాల్లో కూర్చుంటాడు, తన కన్నా పదేళ్ళు చిన్నపిల్లల పక్కన, నవంబర్‌కి పెళ్ళి కుదరొచ్చు. అదే జూలైలో తీసుకురండి. పాఠాలు సగం అయిపోయాయి, ఈ ఏడు తప్పిపోయింది, ఇక వచ్చే ఏడు నవంబర్ వరకూ పెళ్ళి మాటే లేదు, ఎందుకంటే ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నవాళ్ళైతే తప్ప సంఘంలో పెళ్ళి జరగదు. ఆ పదహారు నెలల్లో ఇంకొకరు ఆమెని అడగొచ్చు, అతనికి బయటి ఉద్యోగం నుంచి పిలుపు రావచ్చు. మూడు నెలల తేడా కథ పొడవునే మార్చేస్తుంది, ఒక్క విలన్ని కూడా పెట్టకుండా.

అతను నిజంగా దేవుడి కోసం బాప్తిస్మం తీసుకుంటున్నాడా, లేక ఆమె కోసమా? బిషప్‌కి ఈ అనుమానం రావాలి. పాఠకులకీ రావాలి. హీరోయిన్‌కి అందరికన్నా ఎక్కువ రావాలి, ఎందుకంటే ఆమె కోసమే తీసుకున్నవాడు రేపు ఆమె మీద కోపమొస్తే మళ్ళీ వెళ్ళిపోగలడు, అప్పుడు వెలి కూడా తోడవుతుంది. బాప్తిస్మం ముందు రోజు పెద్దలు ఆ పిల్లల్ని కూర్చోబెట్టి, వెనక్కి వెళ్ళాలనుకుంటే ఇప్పుడే చెప్పండి, మాట ఇచ్చి తప్పేకన్నా ఇవ్వకపోవడం మేలని చెప్తారు. మీ నవల క్లైమాక్స్ ఆ రోజు మీద పడితే బాగుంటుంది. చాలామంది దాన్ని దాటేసి తుఫానూ, పశువుల కొట్టం తగలబడటమూ రాస్తారు.

క్షమించేశాక కథ ఏం మిగిలింది?

అసలు కష్టం ఇక్కడే, అసలు సరుకు కూడా ఇక్కడే ఉంది.

ఆమిష్ జీవితంలో క్షమ అనేది మనసు కరిగాక ఇచ్చేది కాదు. ముందు ఇస్తారు, మనసు తర్వాత ఎప్పటికో వెనకాల వస్తుంది. 2006 అక్టోబర్‌లో పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్ ఆమిష్ బడిలో ఒకతను కాల్పులు జరిపి ఐదుగురు అమ్మాయిల్ని చంపి తనూ చచ్చిపోయినప్పుడు, అదే రోజు సాయంత్రానికే కొందరు ఆమిష్‌లు అతని కుటుంబాన్ని కలిసి మేం క్షమించామని చెప్పారు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. వాళ్ళ దృష్టిలో అది చేయాల్సిన పని, ప్రభువు ప్రార్థనలోనే ఉంది, మీరు క్షమించకపోతే మిమ్మల్నీ క్షమించరని. దుఃఖం మాత్రం పోలేదు, ఏళ్ళ తరబడి ఉంది.

దీన్ని మీ కథకి అన్వయించండి. హీరో తిరిగొచ్చిన మొదటి వారంలోనే హీరోయిన్ "నిన్ను క్షమించాను" అనేసి ఉంటుంది, అనాల్సిందే. మామూలు ప్రేమకథలో చివరి అధ్యాయంలో రావాల్సిన మాట ఇక్కడ మొదటి అధ్యాయంలోనే వచ్చేసింది. మిగిలిన మూడొందల పేజీలు ఆ మాట నిజమవడం గురించి. ఆమె రొట్టెల పిండి పిసుకుతూ ఉంటుంది, అతని గొంతు వినగానే చేయి ఆగిపోతుంది, నేను క్షమించేశాను కదా, మరి ఇదేంటి అనుకుంటుంది. ఆమె అతని మీద కోపంతో పోరాడటం లేదు, కోపం ఇంకా ఉందన్న సిగ్గుతో పోరాడుతోంది. ఈ తేడా పట్టుకోగలిగితే మీ నవల మిగతావాటి మధ్య వేరుగా కనిపిస్తుంది.

బహిష్కరణలో ఉన్నవాడు తిరిగొస్తే అతను సభ్యుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని తప్పు ఒప్పుకోవాలి. సభ ఆదివారం ఆరాధన తర్వాత జరుగుతుంది, పిల్లల్నీ బాప్తిస్మం తీసుకోనివాళ్ళనీ బయటికి పంపేస్తారు. అతన్ని తిరిగి తీసుకోవచ్చా అని సభ్యుల్ని వరసగా అడుగుతారు. ఆడవాళ్ళకీ ఓటుంది. ఇది చాలామంది రచయితలకి తెలీదు, తెలిసినా వాడుకోరు. అంటే మీ హీరోయిన్ అదే సంఘంలో సభ్యురాలైతే, తనని వదిలేసి వెళ్ళిన మనిషిని తిరిగి రానివ్వాలా వద్దా అన్నదానికి, ఆడవాళ్ళ వరసలో కూర్చుని, అందరూ వింటుండగా ఆమె జవాబు చెప్పాలి. సరే అనాలి. ఆ సరే అతన్ని సంఘంలోకి రానివ్వడానికే, తన ఇంట్లోకి రానివ్వడానికి కాదని ఆమెకి తెలుసు, అతనికి తెలుసా? తర్వాత బిషప్ చేయి పట్టుకుని లేపి పవిత్ర ముద్దుతో అతన్ని లోపలికి తీసుకుంటాడు. వాళ్ళిద్దరూ అప్పటికి ఆ "క్షమించాను" తప్ప ఇంకో మాట మాట్లాడుకుని ఉండరు.

ఒక్క జాగ్రత్త: ఒక్కో సంఘంలో ఇరవై నుంచి నలభై కుటుంబాలే ఉంటాయి, సరిహద్దులు రోడ్లనీ వాగుల్నీ బట్టి ఉంటాయి. ఆమె రోడ్డుకి అవతల పక్క ఉంటే వేరే సంఘం, ఓటు ఉండదు. ముందే మ్యాప్ గీసుకోండి.

ఇంకా గట్టి ముడి ఒకటుంది. ఒప్పుకుని క్షమ పొందిన తప్పుని మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాళ్ళదే తప్పు. అంటే అతను వచ్చి, ఒప్పుకుని, సభ్యుడైపోయాక, "ఆ రోజు ఎందుకు వెళ్ళావ్? నాకెందుకు చెప్పలేదు?" అని ఆమె అడగాలనుకుంటే అడగడమే తప్పు! అతను చెప్పుకోవాలనుకున్నా ఎవరూ వినకూడదు. ప్రేమకథ ముందుకు నడవాలంటే జరగాల్సిన ఒకే ఒక్క సంభాషణని సంఘం మూసేసింది. ఆ సంభాషణ ఎలా జరిపిస్తారన్నదే మీ పనితనం. అతను సూటిగా చెప్పకుండా వేరే ఎవరి గురించో చెప్పినట్టు చెప్పొచ్చు, ముసలి అత్త ఒకావిడ ఇద్దర్నీ బఠాణీలు ఒలవడానికి కూర్చోబెట్టి తను చెవిటిదాన్నని నటించొచ్చు, లేదా ఆమె నియమం మీరి అడిగేసి, తర్వాత తనూ డీకన్ (బిషప్‌కి సాయంగా ఉండే సంఘ పెద్ద) దగ్గరికి వెళ్ళి ఒప్పుకోవచ్చు. నాకు మూడోది ఇష్టం.

ఇదే నియమానికి చీకటి కోణం కూడా ఉంది. ఇంట్లో కొట్టినవాణ్ణి, పిల్లల మీద చేయి వేసినవాణ్ణి కూడా కొన్ని వారాల బహిష్కరణతో, ఒక ఒప్పుకోలుతో తిరిగి తీసుకుని, ఇక మాట్లాడొద్దని బాధితుల నోరు మూయించిన సంఘటనలు కోర్టుల దాకా వచ్చాయి. కాబట్టి అలాంటి మనిషికి రెండో అవకాశం ఇచ్చే ప్రేమకథ రాయకండి. మీ హీరో తప్పు వెళ్ళిపోవడం కావచ్చు, అబద్ధం కావచ్చు, పిరికితనం కావచ్చు. హింస మాత్రం వద్దు. హింసని ప్రేమ గెలిచినట్టు రాస్తే ఎంత ప్రార్థన కలిపినా అది అబద్ధమే.

తోడు పోయినవాళ్ళ కథలు

ఈ తరహా నవలల్లో సగం ఇవే అనిపిస్తుంది, కారణం కూడా ఉంది. విడాకులు ఒప్పుకోని సమాజంలో రెండో పెళ్ళికి ఒకే దారి, మొదటి భాగస్వామి చనిపోవడం.

భర్త పోతే ఆమె ఏడాది పాటు నల్ల బట్టలు వేసుకుంటుంది. ఆ ఏడాది గడిచిందో లేదో చూసేవాళ్ళు చుట్టూ ఉంటారు. భార్య పోయి చిన్నపిల్లలున్న మగాడికి మళ్ళీ పెళ్ళి చేసుకొమ్మని చెప్పేవాళ్ళు ఇంకా ఎక్కువమంది, ఎందుకంటే ఇల్లు నడవాలి, పాలు పితకాలి, పిల్లలకి ఎవరో ఒకరు ఉండాలి. పనికి సాయంగా పెళ్ళికాని అమ్మాయి వచ్చి ఉండటం మామూలే, అందుకే పాత ప్రియురాలు పనిసాయానికి అతని ఇంటికి వచ్చే కథలు అన్నన్ని ఉన్నాయి. రాయండి, తప్పేం లేదు, కానీ చనిపోయిన మొదటి భార్యని చెడ్డదాన్ని చేయకండి. ఆమెని అతను నిజంగా ప్రేమించాడు. హీరోయిన్‌కి కష్టం అక్కడే ఉంటే కథ లోతుగా వస్తుంది.

వస్తువుల విషయంలో ఈ కథలకి ఒక వింత సౌకర్యం ఉంది. పాత సంఘాల ఆమిష్‌లు ఫొటోలకి నిలబడరు. అంటే గోడ మీద చనిపోయిన భర్త ఫొటో ఉండదు, పెట్టెలో పాత ప్రియుడి ఫొటో దొరకదు. మొహం మర్చిపోతున్నానేమోనన్న భయం రాయొచ్చు, అది ఫొటోలున్న మనుషుల కథల్లో రాదు. మిగిలేవి చేతిరాత, అతను పిడి బిగించిన గొడ్డలి, బైబిల్ అట్ట లోపల రాసిన పుట్టిన తేదీలు. ఉంగరాలుండవు, లాంకాస్టర్ వైపు పెళ్ళి కుదిరినప్పుడు అబ్బాయి గడియారమో పింగాణీ సామానో ఇవ్వడం ఉంది. విడిపోయాక ఆ గడియారం ఏమైంది? ఆమె తిరిగి పంపేసిందా, కీ ఇవ్వడం మానేసి అటక మీద పెట్టిందా? అలాగే లాంకాస్టర్‌లో పెళ్ళినాడు కట్టుకున్న తెల్ల ఏప్రన్‌ని దాచి ఉంచుతారు, చనిపోయినప్పుడు తొడగడానికి. రెండో పెళ్ళి చేసుకుని ఇంకో ఇంటికి వెళ్ళేటప్పుడు దాన్ని సర్దే సీన్ మీ హీరోయిన్‌కి ఉండి తీరాలి.

మొహం చూసి కూడా చాలా చెప్పొచ్చు. లాంకాస్టర్ లాంటి చోట పెళ్ళయ్యాకే గడ్డం పెంచుతారు, మీసం ఉండదు. కాబట్టి పన్నెండేళ్ళ తర్వాత తిరిగొచ్చినవాడు గడ్డం లేని నున్నటి మొహంతో నిలబడితే, అతని ఈడు మగాళ్ళందరూ గడ్డాలతో ఉంటే, ఎవరూ ఏమీ అడక్కుండానే ఊరంతటికీ విషయం తెలిసిపోతుంది. భార్య పోయినవాడు గడ్డం తీయడు. కొన్ని సంఘాల్లో మాత్రం బాప్తిస్మం నుంచే పెంచుతారు, కాబట్టి ఊరు తేల్చుకున్నాకే ఈ ట్రిక్ వాడండి.

రెండో పెళ్ళి చిన్నగా జరుగుతుంది. మూడొందల మంది, వరసల కొద్దీ బల్లలు, జాడీల్లో నిలబెట్టిన సెలెరీ కాడలు, ఇవన్నీ మొదటి పెళ్ళికి. విధుర వితంతువుల పెళ్ళికి కాలం పట్టింపు కూడా ఉండదు, ఫిబ్రవరిలోనైనా చేసుకోవచ్చు. మీ నవల చివర్లో ఇరవై మంది మధ్య జరిగే పెళ్ళి రాయడానికి భయపడకండి.

పెద్ద వయసు జంటయితే ఫ్లోరిడాలో సారసోటా పక్కనున్న పైన్‌క్రాఫ్ట్ చూడండి. చలికాలంలో ఒహాయో, ఇండియానా, పెన్సిల్వేనియా నుంచి ఆమిష్‌లు బస్సుల్లో అక్కడికి వస్తారు. బగ్గీలుండవు, మూడు చక్రాల సైకిళ్ళు ఉంటాయి. వేర్వేరు రాష్ట్రాలవాళ్ళు కలిసే చోటు కాబట్టి నలభై ఏళ్ళ కిందట విడిపోయిన ఇద్దరు అక్కడ షఫుల్‌బోర్డ్ ఆడుతూ ఎదురుపడటం నమ్మదగ్గట్టే ఉంటుంది.

పెళ్ళయ్యాక విడిగా ఉంటున్నవాళ్ళు

ఇది తక్కువమంది రాస్తారు. భర్త బయటి లోకంలోకి వెళ్ళిపోయాడు, బతికే ఉన్నాడు. అతను కోర్టులో విడాకులు తెచ్చుకున్నా సంఘం దృష్టిలో ఆమె అతని భార్యే, ఇంకొకరిని చేసుకోలేదు. అతను తిరిగొస్తే తప్ప ఆమెకి ప్రేమకథే లేదు. ఇక్కడ రెండో హీరోని పెట్టి, చివర్లో మొదటి భర్తని చంపి దారి క్లియర్ చేసే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, చేతిలో బంగారం పెట్టుకుని పారేసినట్టు. తిరిగొచ్చిన భర్త కొట్టం పక్క గదిలో పడుకుంటూ, తన పిల్లలకి తనే కొత్తవాడై, పొద్దున్నే పాల పని దగ్గర మొదలుపెట్టి ఒక్కో గది దాటుకుంటూ రావడం, దీని మీద మొత్తం నవల నడుస్తుంది.

ఏ ఊరు, ఏ సంఘం

"ఆమిష్ ఊరు" అని గాల్లో రాస్తే ప్రతి పేజీలో ఏదో ఒకటి తప్పుతుంది. లాంకాస్టర్‌లో బగ్గీలు బూడిద రంగు, ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో నలుపు. లాంకాస్టర్‌లో స్టోల్ట్‌ఫుస్, కింగ్, ఫిషర్, బైలర్, లాప్ ఇంటిపేర్లు, హోమ్స్ వైపు యోడర్, మిల్లర్, ట్రోయర్. ఇండియానాలోని ఆడమ్స్ కౌంటీలో స్విస్ మూలాలవాళ్ళు, ష్వార్ట్స్ లాంటి ఇంటిపేర్లు, మాట్లాడే యాసే వేరు. హీరో రైతే కానక్కర్లేదు కూడా. ఇండియానాలో ఎల్క్‌హార్ట్, లాగ్రాంజ్ కౌంటీల్లో ఎంతోమంది ఆమిష్ మగాళ్ళు క్యాంపింగ్ బళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు, తెల్లారకముందే షిఫ్ట్. అలాంటి మనిషిని రాస్తే తాజాగా ఉంటుంది.

ఇద్దరి మధ్య కబురు ఎలా నడుస్తుందో కూడా తేల్చుకోండి. ఇంట్లో ఫోన్ ఉండదు, పొలం చివర చిన్న గుడిసెలో ఉండొచ్చు, పనిచోట కొందరి దగ్గర సెల్‌ఫోన్ కూడా ఉంటుంది. కానీ కథకి ఫోన్ కన్నా మంచిది పేపర్. ఒహాయోలోని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ వస్తున్న 'ద బడ్జెట్' అనే వారపత్రికలో ఊరూరి నుంచి ఉత్తరాలు ఉంటాయి: ఎవరింట్లో ఆరాధన జరిగింది, ఎవరు కాలు విరగ్గొట్టుకున్నారు, ఎవరు పోయారు. మోంటానాలో ఉన్న మీ హీరోకి ఆమె భర్త చనిపోయాడన్న వార్త మొక్కజొన్న దిగుబడికీ, ఎవరికో కవలలు పుట్టడానికీ మధ్య రెండు లైన్లలో తెలియనివ్వండి.

వాళ్ళు ఇంట్లో మాట్లాడే జర్మన్ యాస, పెన్సిల్వేనియా డచ్ మాటలు వాక్యానికొకటి గుచ్చకండి. అమ్మా నాన్నల పిలుపులు చాలు.

మతం గురించి ఒక్క మాట. ఈ నవలలు కొనేది ఎక్కువగా ఇవాంజెలికల్ క్రైస్తవ పాఠకులు, రాసేదీ ఎక్కువగా వాళ్ళే, అందుకని హీరో ఒక రాత్రి ఒంటరిగా ప్రార్థించి రక్షణ పొందాను అని చాటుకునే సీన్ తరచుగా వస్తుంది. పాత సంఘాల ఆమిష్‌లు అలా మాట్లాడరు. రక్షణ దొరికిందని ఖాయంగా చెప్పుకోవడం వాళ్ళకి గర్వంలా అనిపిస్తుంది, ఆశ ఉందంటారు అంతే. తగ్గి ఉండటం, లోబడటం, అదీ వాళ్ళ భక్తి. మీ హీరో మారాడని చూపించాలంటే ప్రార్థన కన్నా, పాత గొడవలో తనదే న్యాయమైనా నోరు మూసుకుని ఊరుకోవడం చూపించండి.

ముట్టుకోకుండా

పడకగది తలుపు మూసే ఉంటుంది, ఇది ఈ తరహాకి ఒప్పందం లాంటిది. పెళ్ళిలో కూడా అందరి ముందు ముద్దు ఉండదు. అయితే ఆరాధనలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు ఎదురెదురుగా మూడు గంటలు కూర్చుంటారు, అవుస్‌బుండ్ పాటల పుస్తకంలోంచి ఒక్కో పాట పావుగంట, ఇరవై నిమిషాలు సాగదీసి పాడతారు. ఆ పాట నడుస్తున్నంతసేపూ అతను తల ఎత్తకుండా ఉండటం రాయండి, పాఠకులకి టెన్షన్ అదే వస్తుంది. పాత ప్రేమికులకి ఇంకో లాభం, ఒకరి అలవాట్లు ఒకరికి తెలుసు. పగ్గాలు ఎడమ చేత్తో పట్టుకుంటాడని ఆమెకి తెలుసు, ఇప్పుడు కుడి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకో అడగడానికి లేదు.

ఎక్కడ ఆపాలి, ఎలా అమ్మాలి

పెళ్ళి సీన్‌తోనే ముగించాలని లేదు. లాంకాస్టర్ పద్ధతిలో డీకన్ పెళ్ళి ప్రకటించే ఆదివారం అమ్మాయి ఆరాధనకి రాదు, ఇంట్లో వంట చేస్తూ ఉంటుంది. అబ్బాయి ప్రకటన అవగానే చివరి పాటకి ముందే లేచి, బగ్గీ కట్టుకుని ఆమె దగ్గరికి వెళ్తాడు. ఒకసారి ఈ ఊరు వదిలి వెళ్ళిపోయిన మనిషి ఇప్పుడు అందరి మధ్యలోంచి లేచి బయటికి నడవడం, ఈసారి ఎందుకో అందరికీ తెలియడం, నాకైతే అక్కడే పుస్తకం ఆపాలనిపిస్తుంది. పెళ్ళి కావాలనేవాళ్ళకి చివర్లో చిన్న అధ్యాయం ఒకటి ఇవ్వొచ్చు.

నిడివి విషయానికొస్తే హార్లెక్విన్ వాళ్ళ క్రైస్తవ ప్రేమకథల సిరీస్ లవ్ ఇన్‌స్పైర్డ్ లాంటివి సుమారు 55,000 పదాలు అడుగుతాయి, అందులో రెండు ఉపకథలు పట్టవు, విడిపోవడానికి ఒకే కారణం, కలవడానికి ఒకే అడ్డంకి పెట్టుకోండి. కిండిల్‌లో సొంతంగా వేసుకుంటే మీ ఇష్టం. పుస్తకం వెనక అట్ట మీద రెండో అవకాశం కథ అని మొదటి రెండు లైన్లలోనే తెలియాలి, ఈ పాఠకులు ట్రోప్ (కథ ఏ మూసలోదన్నది) చూసే కొంటారు. ముందు అట్ట మీద మాత్రం జాగ్రత్త: స్టాక్ ఫొటోల్లో కనిపించే టోపీలు చాలావాటికి ఏ సంఘంతోనూ సంబంధం ఉండదు, లాంకాస్టర్ టోపీ వెనక గుండె ఆకారంలో పల్చగా ఉంటుంది, ఒహాయో, ఇండియానాల్లో సన్నటి మడతలు పెట్టి కుడతారు. డిజైనర్‌కి కౌంటీ పేరు చెప్పి, ఆమె టోపీ, అతని గడ్డం, బగ్గీ రంగు, మూడూ సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.